జాబెజ్ బావి దగ్గర మూడు దెబ్బలు

మా ఊరి అడవిలో జాబెజ్ బావి అని ఒకటుంది. పొద్దు వాలాక అటువైపు ఎవరూ పోరు. పగటిపూట వెళ్ళేవాళ్ళు కూడా ఆ మలుపు దగ్గర పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా నడిచేస్తారు. ఎందుకని అడిగితే పాములంటారు. మా వైపు జూన్ అంటే నడి చలికాలం, ఆ చలిలో పాములెక్కడివండీ!

బావి అంటే నీళ్ళ బావి కాదు. బంగారం కోసం తవ్వి వదిలేసిన గొయ్యి. మా అడవి నిండా అలాంటివే ఉన్నాయి. మూతి చుట్టూ పాత దుంగలు, లోపల చీకటి... రాయి వేస్తే ఎప్పటికో గానీ చప్పుడు వినపడదు.

మా తాతల కాలంలో జాబెజ్ అనేవాడు, సైలస్ అనేవాడు అందులో జంటగా పని చేసేవాళ్ళట. ఒక సాయంత్రం మన్ను కూలి జాబెజ్ లోపల ఉండిపోయాడు. అప్పట్లో గనివాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. దుంగ మీద మూడు దెబ్బలు కొడితే — ఇక్కడున్నాను అని. విన్నవాడు రెండు కొట్టాలి — విన్నాను, వస్తున్నా అని. జాబెజ్ మూడు కొట్టాడు. సైలస్ పైన నిలబడి విన్నాడు. విని... రెండు కొట్టకుండా, దుప్పటి చుట్ట చంకలో పెట్టుకుని ఊరొదిలి పోయాడు.

అప్పటి నుంచీ ఆ బావి దగ్గర — టక్... టక్... టక్.

నేనైతే వినలేదు, ముందే చెబుతున్నాను. ఈ కథలో దెయ్యం ఉందో లేదో కూడా నాకు తెలీదు. మా ఊరి డెస్ హాగర్ట్ మా వంటింట్లో కూర్చుని, టీ చల్లారిపోయేదాకా ఆయన చెప్పుకొచ్చిన మాటలే మీకు చెబుతున్నాను. నేనేమైనా కలిపానంటే అది ఆ టీలో చక్కెరే.

ఆ అడవి మా ఊరిదే. కట్టెల కాంట్రాక్టరు చేతుల్లోకి పోబోతుంటే, ఊరంతా కలిసి కేకులమ్మి, పాటల కచేరీలు పెట్టి కొనుక్కున్నాం. కొన్నాక బాగోగులు చూసుకోవాలి కదా. అందుకని ప్రతి చలికాలం జంతువుల సర్వే పెట్టుకుంటాం. అంతా వాలంటీర్లే, జీతం భత్యం ఏమీ ఉండవు. చీకటి పడే వేళకి ఇద్దరిద్దరు చొప్పున టార్చీలు పట్టుకుని వెళ్ళడం, కొమ్మల్లో కళ్ళు మెరిస్తే నిలబడి అదేమిటో చూసి రాసుకోవడం. నాకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి నా వంతు గుమ్మడికాయ సూప్ — మార్జీ సూప్ అంటారు అందరూ. ఎవరేం చూసినా, ఎవరు ఎవరితో తగువు పడినా, ముందు నా సూప్ గిన్నె దగ్గరికే వస్తుంది.

సర్వేలో అరవకూడదు. అరిస్తే ఉన్న జంతువు కాస్తా పారిపోతుంది. అందుకే నోలా ప్రూయిట్ మా వాళ్ళందరికీ ఆ పాత గనివాళ్ళ పద్ధతే నేర్పింది. వాళ్ళ తాత గనిలో చేసినవాడు. చెట్టు మొదలు మీద టార్చీతో మూడు కొడితే ఇక్కడున్నానని, రెండు కొడితే వస్తున్నానని. ఇంకో నియమం కూడా ఆమె పెట్టిందే. చీకట్లో దారి తప్పితే ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు, ఎక్కడ ఏ గొయ్యి నోరు తెరుచుకుని ఉందో తెలీదు. ఉన్నచోటే కూర్చుని, వెలుగొచ్చేదాకా మూడు కొడుతూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఒకటే — జంటగా వెళ్ళినవాళ్ళు జంటగానే రావాలి.

డెస్, నోలా ఒక జంట. డెస్ ఒకప్పుడు లెక్కల మాస్టారు, ఇప్పుడు సర్వేకి పెద్ద. నోలా డెబ్బై దాటిన మనిషి, ఊళ్ళో సగం మందిని స్కూలు బస్సులో తిప్పి పెద్ద చేసింది. ఇద్దరూ కలిస్తే కీచులాటే. పోనీ వేరే జంట కట్టండర్రా అంటే ఇద్దరూ మూతి ముడుచుకునేవాళ్ళు.

వాళ్ళ తగువంతా టూయన్ గురించి. ఉడతంత జంతువు, దాని తోక సీసాలు కడిగే బ్రష్‌లా ఉంటుంది. బెదిరితే ముందుకాళ్ళతో చెక్క మీద దరువేస్తుంది. మా అడవిలో అది కనపడి చాలా ఏళ్ళయింది. నోలా మాత్రం ఉందంటుంది. ఉన్నది కూడా ఎక్కడో కాదు, జాబెజ్ బావి పక్కనే అంటుంది. దాని కోసం తనే నిచ్చెనెక్కి అక్కడ చెట్టుకి చెక్క గూడుపెట్టె కూడా కొట్టింది.

పోయిన జూన్‌లో ఒక సాయంత్రం ఇద్దరూ ఆ పెట్టె కింద నిలబడ్డారు. అప్పుడే చీకటి పడుతోంది...

"అదిగో... విన్నావా?" అంది నోలా గుసగుసగా.

"నా పొట్ట అరిచింది. మార్జీ సూప్ పిలుస్తోంది నన్ను."

"చెవిటి మాలోకం! టూయనే అది. రాసుకో."

"కళ్ళకి కనపడనిది నేను రాయను."

"పిల్లలకి సున్నాలు వేసీ వేసీ, నీ చేతికి సున్నా తప్ప ఇంకో అంకె రావడం లేదురా."

నోలా నవ్వులాటకే అంది. డెస్‌కి మాత్రం చుర్రుమంది. ఆ రోజు చలి, ఆకలి, మోకాలి మంట అన్నీ కలిసి నోటికొచ్చాయి.

"జాబెజ్ గాడి దరువేమో అది, వాడి పేరే రాయమంటావా? వయసు మీద పడితే చెవుల్లో ఏవేవో మోగుతాయి నోలా. డాక్టరుకి చూపించుకో. వచ్చే ఏడు నీ బదులు ఇంకెవరినైనా పెట్టుకుంటాను."

 నోలా చెట్టు వైపు తిరిగింది.

"నువ్వు వెళ్ళు," అంది అటు చూస్తూనే. "నీ బండి దగ్గరికి నువ్వు పో. నేను దాన్ని చూసి, కంచె దాటి ఇంటికెళ్తాను."

వాళ్ళిల్లు అడవికి ఆనుకునే ఉంది. వెళ్తుందిలే అనుకున్నాడు. వెళ్ళిపోయాడు.

అడవి గేటు దాకా వచ్చాడు. బండి తలుపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు వినపడింది...

టక్... టక్... టక్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ — టక్... టక్... టక్.

నోలాయే అనుకున్నాడు. అలిగి పిలుస్తోంది. చేతిలో టార్చీ ఉంది, పక్కనే గేటు స్తంభం ఉంది. రెండు కొడితే సరిపోయేది. రెండంటే రెండు.

"పిలవనీ. కాస్త బుద్ధొస్తుంది," అని పైకే అన్నాడట. బండెక్కి తలుపు వేసుకున్నాడు.

ఇంటికెళ్ళి తిన్నాడు. హీటర్ పక్కన కాళ్ళు చాపుకుని టీవీ చూశాడు. హాయిగా నిద్రపోయాడు. ఆ హాయిగా నిద్రపోవడమే ఇప్పటికీ ఆయనకి మింగుడుపడటం లేదు.

తెల్లారి ఫోన్ చేస్తే నోలా ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు... చొక్కా మీద కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. ఎక్కడా వెతకలేదు, తిన్నగా బావి దగ్గరికే వెళ్ళాడు. దాని కింద వాగు గట్టున, కాలు జారి తుప్పల్లో పడి ఉంది నోలా. తుంటి విరిగింది. జుట్టు మీద మంచు పేరుకుంది, పెదాలు నీలంగా ఉన్నాయి.

కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

"వచ్చావా," అంది. అని, స్పృహ తప్పింది.

ఊరంతా డెస్‌ని నెత్తిన పెట్టుకుంది. అంత అడవిలో ఎలా కనిపెట్టావయ్యా అని భుజం తట్టనివాళ్ళు లేరు. పబ్బులో ఆయన బీరుకి డబ్బు తీసుకోవడం మానేశారు. నేనూ తక్కువ తిన్లేదు, ఆయన కోసం ప్రత్యేకంగా కేకు చేసి ఇంటికి పట్టుకెళ్ళాను. ఆ కేకు ముక్క నోట్లో పెట్టుకుని నమల్లేక అలాగే కూర్చున్నాడు. వినయం కాబోలు అనుకున్నాను, నా తెలివికి.

నోలా కూడా ఆస్పత్రి మంచం మీంచే అందరికీ చెప్పింది, "వెళ్ళమన్నది నేనే, వాడి తప్పేం లేదు," అని. ఆ మాటతో మా నోళ్ళు మూతపడ్డాయి గానీ, డెస్ గుండెలో ముల్లు ఇంకా లోపలికి దిగింది. ఎందుకంటే ఆ మూడు దెబ్బల సంగతి ఎవరికీ తెలీదు. చలిలో పడి ఉండి తనని పిలిచిందని, తను విని కూడా వెళ్ళిపోయాడని — ఆయనొక్కడికే తెలుసు.

నోలా మళ్ళీ నడవలేదు. పక్క ఊళ్ళో ముసలివాళ్ళ హోమ్‌లో చేరింది. డెస్ పూలు పట్టుకుని వెళ్ళేవాడు. మంచం చివర నిలబడి, వాతావరణం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, కుర్చీలో కూర్చోకుండానే వచ్చేసేవాడు.

మళ్ళీ జూన్ వచ్చింది. సర్వే కూడా వచ్చింది. దానికి ముందే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కుక్కని తిప్పుతుంటే వినపడిందట... బావి దగ్గర చప్పుడు. కుక్క తోక ముడిచి ఒకటే పరుగట. జాబెజ్ మళ్ళీ లేచాడన్నారు. ఆ దారిలో సర్వేకి ఒక్కరూ ముందుకు రాలేదు.

"నేను వెళ్తా," అంది బ్రయనీ. మా స్కూలుకి కొత్తగా వచ్చిన టీచరమ్మ, దెయ్యాలంటే నవ్వే వయసు. "డెస్, మీరు నాతో వస్తే చాలు. ఆ చోటు మీకంటే ఎవరికి తెలుసు?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ గరిటెతో గిన్నె మీద కొట్టాను. డెస్ మొహం పాలిపోవడం చూశాను, చూసి కూడా సూప్ వడ్డిస్తూనే ఉన్నాను.

ఇద్దరూ వెళ్ళారు. వెలుగు పోతోంది. గాలి లేదు. ఎండుటాకుల మీద అడుగులు తప్ప ఇంకో చప్పుడు లేదు...

మలుపు తిరిగారు. బావి మూతి కనపడింది, నల్లగా.

బ్రయనీ టక్కున ఆగింది. డెస్ చెయ్యి పట్టుకుంది.

"డెస్... విన్నారా?"

విన్నాడు.  నోలా బతికే ఉందని తెలుసు, నిన్ననే ఫోన్లో దగ్గింది కూడా. అయినా చీకట్లో ఆ చప్పుడు ఆమెదే అనిపించింది. పోయిన ఏడాది నుంచీ ఆమె ఇక్కడే పడి ఉన్నట్టు, కొడుతూనే ఉన్నట్టు...

"వెళ్ళిపోదాం," అన్నాడు.

"ఉండండి... ఇది కింద నుంచి కాదు. పైనుంచి."

బ్రయనీ టార్చీ పైకెత్తింది. చెట్టు మీద నోలా కొట్టిన గూడుపెట్టె. దాని కంతలోంచి ఒక గులాబీ రంగు ముక్కు. రెండు నల్లటి కళ్ళు. ఆ వెనకే సీసాల బ్రష్ లాంటి తోక బయటికొచ్చి, నిక్కబొడుచుకుంది. ముందుకాళ్ళతో పెట్టె మీద టపటపటపటపా ఒకటే దరువు!

"టూయన్! అయ్యో దేవుడా, టూయన్ డెస్! మీ దెయ్యం ఇదే!"

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. డెస్ నేల మీద కూలబడి ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుని, బ్రయనీ ఆయన వీపు నిమిరింది.

నిజంగానే ఆ ఏడుపులో సంతోషం ఉంది. ఏడాదిగా గుండె మీద ఉన్న బండ ఎవరో లేపి పక్కన పెట్టినట్టయింది. ఆ రాత్రి గేటు దగ్గర విన్నదీ ఇదే. నోలా పిలవనే లేదు. పిలవని మనిషిని వదిలి వెళ్ళడం తప్పే, కానీ అది అందరూ చేసే తప్పు. పిలుస్తుంటే విని వెళ్ళడం వేరు. దారంతా ఇదే మాట తనకి తాను చెప్పుకున్నాడు.

మర్నాడు పూలు కొనలేదు. నోలాకి ఇష్టమని, కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకుల పెట్టె కొన్నాడు. కిటికీ పక్కన ఒళ్ళో దుప్పటితో కూర్చుని ఉందామె.

"ఏం మాస్టారూ, పూలు లేవేం? ఇన్నాళ్ళూ నేను పోయాననుకుని తెచ్చేవాడివి. బతికే ఉన్నానని ఇవాళ తెలిసిందా?"

"టూయన్ కనపడింది నోలా. నీ పెట్టెలోనే."

నోలా రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు, కన్నీళ్ళు కలిసి వచ్చాయి.

"చెప్పానా! నేను చెప్పానా లేదా! రాశావా?"

"నీ పేరు మీదే రాశాను."

మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరూ కొబ్బరి రాలుస్తూ కేకు తిన్నారు. ఇక అడగొచ్చనిపించింది. అడిగి, పూర్తిగా తేలికపడిపోవచ్చనిపించింది.

"నోలా... ఆ రాత్రి పడిపోయాక, నువ్వు టార్చీతో కొట్టావా?"

"ఎక్కడ కొట్టను? టార్చీ ఎటో దొర్లిపోయింది. చెయ్యేమో నా కిందే ఇరుక్కుంది."

డెస్‌కి ప్రాణం లేచొచ్చింది. పైకే నవ్వేశాడు.

"అయితే ఆ చప్పుడు టూయన్‌దేనన్నమాట!"

"ఏ చప్పుడు? మూడేసి దెబ్బలా?" నోలా కూడా నవ్వింది. "మాస్టారివి, నీకు లెక్క కూడా రాదా? టూయన్ మూడు కొట్టి ఆగుతుందట్రా? అది రేకు మీద వానలా కొడుతుంది. నాకు తెలీదనుకుంటున్నావు గానీ, అది నువ్వేగా."

"నేనా?"

"ఇంకెవరు? మూడు... ఆగడం... మళ్ళీ మూడు. బావి పక్క నుంచి. తెల్లారేదాకా." నోలా ముందుకి వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. "వెళ్ళినట్టే వెళ్ళి నా కోసం తిరిగొచ్చావు. చీకట్లో దారి తప్పావు. నియమం ప్రకారం కదలకుండా కూర్చుని కొట్టావు. నాకు జవాబు కొట్టడానికి చెయ్యి లేదు, అరవడానికి గొంతు లేదు. కళ్ళు మూతపడేవి. మూతపడినప్పుడల్లా — టక్, టక్, టక్. నిద్రపోకే నోలా, నేనిక్కడే ఉన్నానే అన్నట్టు. ఆ చలిలో నిద్రపోయి ఉంటే మళ్ళీ లేచేదాన్ని కాదని డాక్టరే అన్నాడు. దారి తప్పావని తెలిస్తే ఊళ్ళో నిన్ను ఆటపట్టిస్తారని ఎవరికీ చెప్పలేదు. నన్ను బతికించింది నువ్వు కదరా డెస్."

 డెస్ అవును అంటే చాలు. ఊరంతా అంటున్నదే, ఆమె కూడా అంటున్నదే. ఆమె చెయ్యి వెచ్చగా తన చేతి మీద ఉంది...

"నేను ఇంట్లో ఉన్నాను నోలా," అన్నాడు. "హీటర్ పక్కన. నిద్రపోయాను. గేటు దగ్గర ఆ మూడూ విన్నాను. నువ్వే పిలుస్తున్నావనుకున్నాను. నువ్వేననుకునే... వెళ్ళిపోయాను."

ఆమె చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయింది. దుప్పటి సర్దుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేదన్నాడు డెస్. కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత, తనలో తను అనుకున్నట్టు —

"అయితే... రాత్రంతా నాకు తోడు కూర్చున్నది ఎవరు?"

డెస్ కేకుల పెట్టె మూత వేశాడు.

"ఎవరైనా సరే," అంది నోలా. "వాడికి నేను రెండు కొట్టలేకపోయాను. నువ్వు కొట్టగలిగి కూడా కొట్టలేదు. వెళ్ళు. వెళ్ళి కొట్టిరా."

నిన్న సాయంత్రం ఒక్కడే వెళ్ళాడట. బావి మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సైలస్ కొట్టని ఆ రెండు, తను కొట్టని ఆ రెండు... టార్చీ తిరగేసి పాత దుంగ మీద కొట్టాడు.

టక్... టక్.

అడవిలో ఆకు కదల్లేదు. పెట్టెలో టూయన్ కూడా మెదల్లేదు. హమ్మయ్య అనుకుని లేవబోయాడు. అప్పుడు కింద నుంచి — చాలా కింద నుంచి —

టక్... టక్... టక్.

"పారిపోయి వచ్చేశాను మార్జీ," అన్నాడు డెస్ నాతో. "మళ్ళీ పారిపోయి వచ్చేశాను."

 నా నోరు ఊరుకుంటుందా? ఏ బెరడో ఊడి దుంగల మీద పడి ఉంటుందన్నాను, భయంతో చెవులు గింగురుమన్నాయేమో అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. పోయిన ఏడు నోలాతో ఆయన అన్నదీ దాదాపు అదే మాట.

 డెస్ కిటికీలోంచి చూస్తున్నాడు. బయట వెలుగు తగ్గుతోంది. టీ మీద మీగడ కట్టింది. ఆయన లేచి, కోటు వేసుకుని, బల్ల మీద పెట్టిన టార్చీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంత చలిలో మళ్ళీ ఎక్కడికయ్యా?" అన్నాను.

"రెండు కొట్టాను కదా మార్జీ," అన్నాడు తలుపు తీస్తూ. "వస్తున్నానని చెప్పానుగా."